ఆదర్శ కుట్టుగదిలో ఏడు చీరలు

పై ఆఫీసులో ఒక పెద్ద సారు తమ ఫోనులో ఒక వీడియో చూడబట్టి మా ఇంటికి ఇంత వైభవం పట్టింది. ఆ వీడియోలో ఏ దేశపు ఇల్లాలో తన కుట్టుగది చూపించిందట. గోడంతా తెల్లటి అరలు, అరల నిండా బట్టలు, అన్నీ ఒకే కొలతకి మడిచి ఇంద్రధనుస్సు వరసలో సర్దినవి. సారు ఆ వీడియో మూడుసార్లు చూసి, కళ్ళు తుడుచుకుని, "మన ఆడవాళ్ళకేం తక్కువ?" అన్నారట. అలా పుట్టింది గృహ వస్త్ర నిల్వల క్రమబద్ధీకరణ పథకం. వీడియోలో ఆ ఇల్లాలు ఏమైనా కుట్టిందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఉద్యోగానికి మంచిది కాదు.

నా పేరు సత్యవేణి. మార్కెట్టు వెనక సందులో, మా ఇంటి ముందుగదిలో పందొమ్మిదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. గది పదడుగులకి ఎనిమిదడుగులు. అందులో మిషను, కత్తిరింపు బల్ల, ఒక నవారు మంచం, మా ఆయన చెక్కలు కొట్టి నిలబెట్టిన అరల బల్ల. మిగతాదంతా మూటలే. మంచం కింద మూటలు, అరల్లో మూటలు, మేకులకి వేలాడే మూటలు.

మూటలని చులకన చెయ్యకండి. ఎవరు బట్ట తెచ్చినా వాళ్ళ జాకెట్టు ముక్క, లైనింగు, కొలతకిచ్చిన ఆది జాకెట్టు, మూడూ కలిపి వాళ్ళింటి నుంచి వచ్చిన పాత గుడ్డలోనే కట్టేస్తాను. గుడ్డ చూడగానే మనిషి గుర్తుకొస్తుంది. పచ్చగళ్ళ తువ్వాలు పోస్టుమాస్టరుగారి భార్యది. చిరిగిన లుంగీ చేపల మరిడమ్మది. ముడి ఒకటైతే మామూలు పని, రెండైతే తొందర పని, మూడైతే ఇంట్లో శుభకార్యం. పందొమ్మిదేళ్ళలో ఒకరి జాకెట్టు ఒకరికి పోలేదు. చీకట్లో చెయ్యి పెట్టినా ఎవరి మూట వాళ్ళదే వస్తుంది. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా ఫరవాలేదు, అది గొప్పే.

మా వీధి చివరింటి వరహాలమ్మ పిన్నిగారు ఒక గురువారం పొద్దున్నే మూడు ముళ్ళ మూట పట్టుకుని వచ్చారు. ఆవిడ కూతురు దుర్గాభవాని అంతకు నాలుగు రోజుల ముందే ప్రసవించింది. నెలలు నిండకుండానే పుట్టిన పిల్ల. కేజీన్నర కూడా లేదు. ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు.

"బతికి బట్టకడుతుందంటావా వేణీ?" అంటూనే ఆవిడ ఏడ్చేశారు.

"ఊరుకోండి పిన్నిగారూ, కట్టకేం? ఆ బట్టేదో నేనే కుడతాను," అన్నాను.

మూటలో ఏడు నూలు చీరలున్నాయి. వరహాలమ్మ తల్లి మహలక్ష్మమ్మగారివి. ముసలావిడ రెండు నెలల క్రితమే పోయారు. ఉతికి ఉతికి ఆ చీరలు ఎంత మెత్తబడ్డాయంటే, చేత్తో పట్టుకుంటే జారిపోతున్నాయి. మా వైపు పుట్టిన బిడ్డని కొత్తబట్ట మీద పడుకోబెట్టరు. ఇంట్లో పెద్దావిడ కట్టి విడిచిన చీరలతో బొంత కుట్టి, ఇరవయ్యొకటో రోజున దాని మీదే ఉయ్యాల్లో వేస్తారు.

"అమ్మ పోయేముందు ఇవి విడిగా తీసి పెట్టిందే. 'నేను చూడకపోయినా నా ఒళ్ళో పడుకున్నట్టుంటుంది' అంది. డాక్టరమ్మ కూడా మెత్తటి పాత నూలుబట్టే వెయ్యమంది. ఆ పసిగుడ్డు ఒంటికి ఇంకేదీ పడదట."

"ఇరవయ్యొకటో రోజుకి బొంత మీ ఇంట్లో ఉంటుంది. నాది పూచీ," అన్నాను. అలా మాట ఇచ్చినప్పుడు పెద్ద సారు వీడియో సంగతి నాకు తెలియదు.

మర్నాడు తెల్లారేసరికి మా గుమ్మంలో ప్రాంతీయ క్రమబద్ధీకరణాధికారి తారకేశ్వరరావుగారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో రంగుల అట్ట. వెనక అటెండరు జయకరం, చంకలో రిజిస్టర్లు, తల మీద అట్టముక్కల కట్ట. జయకరానికి యాభై దాటాయి. రిటైరయ్యే దాకా ఏదీ మాట్లాడకూడదని నిర్ణయించుకున్న మనిషిలా ఉన్నాడు.

"సదరు గృహమందు కుట్టుగది కలదని మాకు సమాచారం," అన్నారు అధికారిగారు.

"ఉందండి. మీరు దాంట్లోనే నుంచున్నారు."

ఆయన కంగారుగా ఒక అడుగు వెనక్కి వేసి, చుట్టూ చూసి, గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "జయకరం, రాసుకో. వస్త్రములు దృష్టిగోచరం కావడం లేదు."

"మూటల్లో ఉన్నాయండి," అన్నాను.

"చూడమ్మా. కనబడని వస్త్రం లేని వస్త్రంతో సమానం. ఉత్తర్వు నెంబరు పదకొండు, పేరా రెండు. ఆ ముడులు విప్పించు జయకరం."

"అయ్ బాబోయ్, విప్పకండి! ముడి విప్పితే ఎవరిది ఎవరిదో తెలీదండి!"

"ఎవరిది అనేది పథకం పరిధిలోకి రాదు. ఏ రంగు అనేది వస్తుంది."

నలభై ఆరు మూటలు విప్పారు. జయకరం విప్పుతున్నంతసేపూ నా వంక చూడలేదు. ప్రతి ముక్కనీ తొమ్మిదంగుళాల అట్టకి చుట్టి, ఎరుపు దగ్గర్నుంచి ఊదా దాకా సర్దించారు. మరిడమ్మ లైనింగు పోయి పోస్టుమాస్టరుగారి భార్య పట్టుముక్క పక్కన కూచుంది. ఆది జాకెట్లు ముక్కలు కావు గనక 'సిద్ధ వస్త్రములు' అని పేరు పెట్టి, అన్నీ ఒక రేకుపెట్టెలో వేసి సీలు వేశారు. కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. ఇక జాకెట్లు కుట్టాలంటే మనుషుల్ని ఎదురుగా నిలబెట్టి దేవుడి మీద భారం వెయ్యాలి.

నెమలికంఠం రంగు పట్టుముక్క దగ్గర అధికారిగారు ఆగిపోయారు. ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ. అట్ట పక్కన పెట్టి చూశారు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు, పై ఆఫీసుకి ఫోన్ చేశారు. అరగంట తరవాత నిర్ణయం వచ్చింది. ఆ ముక్క పొద్దుట నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా నీలం అరలోనూ, ఆ తరవాత సాయంత్రం దాకా పచ్చ అరలోనూ ఉండాలట. మార్చినట్టు రోజూ సంతకం పెట్టాలట. నేనూ పెట్టాను. ఏం చెయ్యను మరి?

చివరికి మహలక్ష్మమ్మగారి చీరల దగ్గరికొచ్చారు.

"ఇవి ఎప్పుడు కొన్నవి?"

"ముప్పై ఏళ్ళ కిందటివీ ఉంటాయండి. పసిబిడ్డకి బొంత కుట్టాలి. ఇరవయ్యొకటో రోజుకి కావాలి."

"మూడేళ్ళు దాటిన వస్త్రం కాలం చెల్లిన వస్త్రం. అది నిల్వలో ఉంటే మిగతా వస్త్రముల యొక్క ఆదర్శత్వం దెబ్బతింటుంది."

"పాతబడితేనే కదండీ బొంతకి పనికొచ్చేది! కొత్త చీరలతో బొంతెవరు కుడతారు? ఆ పిల్ల కేజీన్నర లేదండీ!"

"బరువు కూడా పథకం పరిధిలోకి రాదు," అన్నారాయన, చాలా సౌమ్యంగా. ఏడు చీరలూ గోనెసంచిలో కుక్కి, చీటీ కట్టి, ఆఫీసుకి తీసుకుపోయారు. నేను సందు చివరిదాకా వెంటపడ్డాను. జీపు వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి మా ఇంటి ముందు జాతర. ఒక్కొక్కరూ వచ్చి అరల ముందు నిలబడి తమ ముక్కని వెతుక్కోవడం, కనబడ్డాక "అదిగో నాదే" అనడం, నేను ముట్టుకోకూడదనడం. ముక్క కదిపితే వరస చెడుతుంది. వరస చెడితే జరిమానా.

"కళ్ళ ముందే ఉన్న నా గుడ్డ నేను తీసుకోకూడదేంటే?" అని మరిడమ్మ రెండు చేతులూ నడుముకి పెట్టుకుంది. "ఆ ఆఫీసరు మా బజారుకి రావాలి, చేపల్ని రంగుల వరసలో పేర్పిస్తాను!"

తీసుకోవచ్చు, పద్ధతి ఉంది. బట్ట కత్తిరించాలంటే 'వస్త్ర విభజన అనుమతి' కోసం మూడు కాగితాలు పెట్టుకోవాలి. విభజన ఉద్దేశం రాయాలి. విభజన అనంతరం వస్త్రం ఏ రంగు అరకి తిరిగి చేరునో రాయాలి. తిరిగి చేరదండీ, మనిషి ఒంటిమీదికి వెళుతుంది అని నేను రాస్తే, 'ఒంటి' అనే అర జాబితాలో లేదని కాగితం తిప్పి పంపారు.

ఇక్కడో చిత్రం జరిగింది. తారకేశ్వరరావుగారి భార్య నిమ్మపండు రంగు జాకెట్టు ముక్క కూడా నా దగ్గరే ఉండిపోయింది. ఆవిడ చెల్లెలి గృహప్రవేశం దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం జయకరం వచ్చి గుమ్మం పక్కన నుంచున్నాడు.

"అమ్మగారి ముక్క పసుపు అరలో మూడోదండి. కాస్త కుట్టిపెట్టమన్నారండి. అయ్యగారికి తెలీకుండా."

"ఆయ్, దానికేం భాగ్యం? అనుమతి తెమ్మను."

"అమ్మగారు కాగితం పెట్టారండి. అయ్యగారే తిప్పేశారు. ఉద్దేశం కాడ 'వేసుకోడానికి' అని రాశారంటండి. అది చెల్లదంట." జయకరం గొంతు తగ్గించాడు. "రెండ్రోజుల్నించీ ఆరింట్లో వంట లేదండి."

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. పదమూడో రోజు వచ్చేసింది. పిల్లని గాజుపెట్టెలోంచి తీసి తల్లి పక్కన వేశారు. ఆసుపత్రి దుప్పటి గరుకుకి వీపంతా ఎర్రగా కందిపోయిందని వరహాలమ్మ పిన్నిగారు చెప్పారు. చెబుతూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మాటిచ్చినదాన్ని నేను. ఇద్దరం కలిసి ఆఫీసుకి బయల్దేరాం.

ఆఫీసు గదిలో అడుగు పెట్టగానే నాకు మతిపోయింది. గోడవార నేల నుంచి కప్పు దాకా మూటలు! ఎర్రగుడ్డలో కట్టిన ఫైళ్ళ మూటలు. బీరువా మీద మూటలు, కుర్చీల కింద మూటలు. ఒక మూట మీద కూచుని ఒక గుమాస్తా అన్నం తింటున్నాడు.

"ఏవండీ, మరి ఇవి కనబడ్డం లేదు కదా, ఇవి లేనట్టేనా?" అని అడిగాను.

తారకేశ్వరరావుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అవి రికార్డులు. వాటిని విప్పితే ఏది దేనిదో తెలియకుండా పోతుంది."

"నేనూ అదే కదండీ మొత్తుకున్నాను!"

"నీవి జాకెట్లమ్మా," అన్నారాయన జాలిగా.

వరహాలమ్మ పిన్నిగారు ముందుకొచ్చి దణ్ణం పెట్టారు. "బాబూ, మా అమ్మ చీరలండి. ఇంకో ఎనిమిది రోజుల్లో ఇరవయ్యొకటో రోజు. ఇప్పించండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

"తప్పకుండానమ్మా. ప్రభుత్వం ఉన్నదే ప్రజల కోసం. కాలం చెల్లిన వస్త్రముల విడుదలకు దరఖాస్తు ఉంది. యజమానురాలు స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలి."

"ఆవిడ పోయిందండీ!"

"అయితే మరణ ధ్రువపత్రం జత చెయ్యండి."

పిన్నిగారు కొంగులోంచి ధ్రువపత్రం తీసి ఇచ్చారు. ఆయన రెండువైపులా చూసి, సంతృప్తిగా తలాడించి, "బాగుంది. ఇక ఆవిడ వచ్చి సంతకం పెట్టడమే తరువాయి," అన్నారు.

నేను ఆయన మొహంలోకి చూశాను. వేళాకోళం ఆడుతున్నాడేమో అని వెతికాను. లేదు. మనిషి మంచివాడే, అందుకే భయం వేసింది. బయటికొచ్చాక పిన్నిగారు మెట్ల మీద కూలబడ్డారు. వెనకాలే జయకరం మంచినీళ్ళు పట్టుకొచ్చాడు.

"సంచి భద్రంగా ఉందండి అమ్మా," అన్నాడు నేల వంక చూస్తూ. "నేను ఎలకలు కొట్టకుండా పైన పెట్టానండి."

మరి రెండు రోజులకి అధికారిగారు తనిఖీకి వచ్చి మా గది చూసి మురిసిపోయారు. అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఉండక ఎక్కడికి పోతాయి? అయితే ఆయన చూపు మిషను మీద పడింది.

"ఇది ఏమి?"

"కుట్టుమిషనండి."

"ఇది వస్త్రమా? కాదు. అరా? కాదు. మరి కుట్టుగదిలో ఎందుకు?"

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి.

"పైగా, లెక్క చూడు," అని ఆయన ఉత్సాహంగా కుర్చీ లాక్కున్నారు. "నువ్వు కుట్టినకొద్దీ ఏమవుతోంది? అరలో వస్త్రం తగ్గుతోంది. అనగా కుట్టుపనియే వస్త్ర నిల్వకు ప్రధాన శత్రువు. ఈ విషయం ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు. నేను పైకి రాస్తాను."

రాశారు కూడా. ఎర్ర నాడా గుడ్డతో మిషనుకి సీలు వేసి, దాన్ని వీధరుగు మీద పెట్టించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పారు. కాకులు దాని మీద వాలడం మొదలెట్టాయి. మా ఆయన "పోనీలే, నీకూ విశ్రాంతి" అన్నాడు. ఆ మాటకి ఆ పూట ఆయన కూడా విశ్రాంతిగా పస్తున్నాడు.

ఆయన రాసిన కాగితం పైకి వెళ్ళి పువ్వులు పూసింది. జిల్లా మొత్తం మీద పది రోజులుగా ఒక్క అంగుళం బట్ట కూడా తగ్గని కుట్టుగది మాదేనట. మిగతా చోట్ల ఎవరో ఒకరు దొంగతనంగా ఏదో ఒకటి కుట్టేశారు. కాబట్టి మొదటి 'ఆదర్శ కుట్టుగది' మాదే. పెద్ద సారు స్వయంగా వచ్చి శిలాఫలకం ఆవిష్కరిస్తారట. ముహూర్తం శుక్రవారం పదిగంటలకి. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. శుక్రవారం పిల్లకి ఇరవయ్యో రోజు.

శుక్రవారం సందు నిండా షామియానా వేశారు. నా దగ్గర బట్ట ఇరుక్కున్న ఆడవాళ్ళందరూ వచ్చారు, సభ కోసం కాదు, వాళ్ళ ముక్కలు ఆ రోజైనా ఇస్తారేమోనని. మా గుమ్మానికి రిబ్బను కట్టారు. పెద్ద సారు కత్తెర అందుకుని రిబ్బను మీద పెట్టబోయారు. అప్పుడు తారకేశ్వరరావుగారి మొహం పాలిపోయింది.

"సార్, క్షమించాలి. రిబ్బను వస్త్రమే అవుతుంది. విభజన అనుమతి తీసుకోలేదు."

పెద్ద సారు కత్తెర చేత్తోనే పట్టుకుని రిబ్బను వంక చూశారు. తను సంతకం పెట్టిన ఉత్తర్వే. చివరికి కత్తెర తిరిగిచ్చేసి, నడుం వంచి, రిబ్బను కింద నుంచి దూరి లోపలికి వెళ్ళారు. అధికారులందరూ హోదా వరసలో ఒకరి వెనక ఒకరు వంగి దూరారు. మా సందు పిల్లలకి ఆ ఆట నచ్చి, వాళ్ళూ దూరారు.

గది చూసి పెద్ద సారు ఫోను తీసి, వీడియోని అరల పక్కన పెట్టి పోల్చుకున్నారు. తరవాత "అచ్చం వీడియోలో లాగే ఉంది" అన్నారు, మళ్ళీ కళ్ళు తుడుచుకుని.

బయట శిలాఫలకం మీద తెర వేలాడుతోంది. ఆయన తాడు లాగారు, తెర పక్కకి తొలిగింది, చప్పట్లు మోగాయి, సార్లందరూ వెళ్ళి వేదిక మీద కుర్చీల్లో కూచున్నారు. నా పక్కన వరహాలమ్మ పిన్నిగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. కళ్ళు చికిలించి ఆ తెర వంకే చూస్తున్నారు. వంగపండు రంగు, సన్నటి తెల్లంచు.

"వేణీ, అది మా అమ్మ చీరే!" అని కేక పెట్టారు.

అప్పుడు నేను సభంతా కలయజూశాను. సభాముఖంగా వేసిన రెండు బల్లల మీద పరిచినవి రెండు చీరలు. వేదిక వెనక పరదాగా కట్టినవి మూడు. పెద్ద సారు కుర్చీ మీద మడత వేసినది ఒకటి. తెరతో కలిపి ఏడూ లెక్కకొచ్చాయి. నేను జయకరం వంక చూశాను.

"ఏం చెయ్యమంటారండి?" అన్నాడతను మెల్లిగా. "ఊళ్ళో ఏ గుడ్డ కదపాలన్నా అనుమతి కావాలి. అనుమతి అక్కర్లేనివి ఇయ్యే."

పిన్నిగారు అప్పటికే వేదిక దగ్గరికి నడిచారు. తారకేశ్వరరావుగారు చేతులు అడ్డం పెట్టారు. "అమ్మా, శాంతించండి. సదరువి కాలం చెల్లిన వస్త్రములు."

"కాలం చెల్లింది మా అమ్మకయ్యా, చీరలకి కాదు!" ఆవిడ గొంతు సందు సందంతా వినబడింది. "రేపు పొద్దున్న దాని మీద పసిగుడ్డు పడుకోవాలి. నీకూ ఒక తల్లి ఉండే ఉంటుంది కదా, నువ్వు పుట్టినప్పుడు దేని మీద పడుకున్నావు? అట్ట మీదా?"

 ఆవిడ ఫలకం మీద నుంచి చీర లాగేసి చంకలో పెట్టుకున్నారు. తరవాత పెద్ద సారు ముందుకెళ్ళి, "లెగండి బాబూ," అన్నారు.

పెద్ద సారు లేచారు. ఆ గొంతుకి ఎవరైనా లేస్తారు. పెద్ద సారు లేచారు కాబట్టి అధికారులందరూ లేచారు. ఎందుకు లేచారో తెలియక, ప్రార్థనాగీతం కాబోలనుకుని చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇంతకంటే మంచి అదను దొరకదు. నేను కుర్చీ మీది చీర లాగాను. మరిడమ్మ పరదా విప్పింది. బల్లల మీదివి రెండూ జయకరమే, పూలకుండీలు ఒకటొకటిగా పక్కన పెట్టి, మడత పెట్టి మరీ నా చేతికిచ్చాడు. ఉద్యోగంలో చేరాక అతను సొంతంగా చేసిన పని బహుశా అదొక్కటే.

మిషను సీలులో ఉంది. ఉంటే ఉండనీ. బొంత కుట్టడానికి మిషనెందుకు? సూది, తెల్లదారం, చేతులు చాలు. షామియానా నీడలోనే చాప పరిచాం. చీరల్ని పొరలు పొరలుగా పరిచి, నాలుగంచులూ లోపలికి మడిచి, చుట్టూ కూచున్నాం. నేనొక మూల, మరిడమ్మ ఒక మూల, పోస్టుమాస్టరుగారి భార్య ఒక మూల. సూదులు ఎవరి కొంగులోంచి వాళ్ళకి వచ్చాయి. ప్రసంగాలు జరుగుతూనే ఉన్నాయి. 'వస్త్రాన్ని ముట్టుకోకుండా కాపాడిన మహిళామణి' అని నన్ను పొగిడి వేదిక మీదికి పిలిచారు. సూది చేత్తోనే పట్టుకుని వెళ్ళాను. శాలువా కప్పారు, ఫొటో తీశారు, వెంటనే తీసేసుకున్నారు. అది ముదురాకుపచ్చ వర్గానికి చెందినదట, లెక్క చెప్పాలట. నాకు మంచిదే అయింది, మళ్ళీ వచ్చి కుట్టు అందుకున్నాను.

సభ ముగిసి జీపులు వెళ్ళిపోయే వేళకి రెండు బొంతలు, డజను పక్కగుడ్డలు తయారయ్యాయి. ఇచ్చిన మాట నిలబడింది. లేచి నిలబడేసరికి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడలేదు. ఎలాగూ కూడారు కదా అని ఆడవాళ్ళు రిబ్బను కింద దూరి నా గదిలోకెళ్ళి, ఎవరి ముక్కలు వాళ్ళు తీసుకున్నారు. ఇంద్రధనుస్సులో అధికారిగారి భార్య నిమ్మపండు రంగు ముక్క ఒక్కటి మిగిలింది. రేకుపెట్టెకీ మిషనుకీ కట్టిన ఎర్ర నాడా నేనే కత్తిరించాను. అది గుడ్డే కదా, గుడ్డ కత్తిరించడం నా వృత్తి.

శనివారం పొద్దున్న వరహాలమ్మ పిన్నిగారింట్లో ఉయ్యాల కట్టారు. వంగపండు రంగు చీర పైకి వచ్చేటట్టు కుట్టిన బొంత పరిచి, పిల్లని వేశారు. మహలక్ష్మి అని పేరు పెట్టారు. అరచెయ్యంత మొహం. పడుకోబెట్టగానే ముక్కుతూ ఒళ్ళు విరుచుకుని, బొంత అంచుని గుప్పిట్లో బిగించి, నిద్రపోయింది. పిన్నిగారు ఉయ్యాల తాడు పట్టుకుని, నా భుజం మీద తల ఆన్చారు.

ముత్తయిదువలు పాట ఎత్తుకునేలోగా గుమ్మంలో తారకేశ్వరరావుగారు కనబడ్డారు. వెనక జయకరం, చేతిలో రిజిస్టరు.

"ఏడు కాలం చెల్లిన వస్త్రములు ఆఫీసు నుంచి గల్లంతైనవి. సదరువి ఇక్కడ ఉన్నట్లు తెలిసింది," అన్నారు. పిల్ల నిద్రపోతోందని గొంతు మాత్రం తగ్గించారు. ముందే చెప్పాను కదా, మనిషి మంచివాడే.

వచ్చి ఉయ్యాల మీదికి వంగి, బొంత మడత కొలత సరిపోయిందో లేదో చూడ్డానికి అంచు కింద చెయ్యి పెట్టారు. పెట్టి, తీసి, చెయ్యి చూసుకున్నారు. తడి. మహలక్ష్మి కళ్ళు తెరవకుండానే చెయ్యాల్సిన పని చేసేసింది.

"ఏం రాయమంటారండి?" అన్నాడు జయకరం, పెన్ను మూత తీసి. మొహంలో ఒక్క గీత కదలలేదు.

అధికారిగారు ఉయ్యాల వంకా రిజిస్టరు వంకా మార్చి మార్చి చూశారు. ఏ రంగో రాయొచ్చు, ఏ కొలతో రాయొచ్చు. కానీ కళ్ళ ముందు జరుగుతున్న ఘోరం అంతకంటే పెద్దది. చివరికి చెయ్యి రుమాలుతో తుడుచుకుని, బరువుగా అన్నారు: "వాడుకలో ఉన్నది అని రాయి."

వారం తిరక్కుండా నాకు నోటీసు వచ్చింది. రెండు పేజీలు, గుండ్రటి ముద్రతో సహా. 'తనిఖీ సమయమున సదరు వస్త్రములు వాడుకలో ఉన్నట్లు గుర్తించడమైనది. ఇది ఆదర్శ కుట్టుగది స్ఫూర్తికి పూర్తిగా విరుద్ధము. మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను.' మా ఆయన భయపడ్డాడు. నేను కాగితాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాను. మంచి దళసరి కాగితం, ఈ మధ్య బజార్లో దొరకడం లేదు.

ఆ మధ్యాహ్నమే జయకరం వచ్చాడు, అమ్మగారి నిమ్మపండు రంగు ముక్క ఏమైందని. ఆది జాకెట్టు రేకుపెట్టెలోంచి దొరికింది గానీ ఆవిడ ఈసారి మెడ కాస్త మార్చి కుట్టమన్నారట. నేను నోటీసుని నిలువుగా మడిచి, సుద్దతో గీత గీసి, ముద్ర దగ్గర నుంచి గుండ్రంగా కత్తిరించి, ఆ కాగితం ముక్కని బట్ట మీద పెట్టి మెడ తీశాను. ఒక్క దారమైనా అటూ ఇటూ పోకుండా కుదిరిందని అమ్మగారు కబురు పంపారు.